అతిపలుచని ఆక్సైడ్ ఫిల్మ్ మీద లోహం పెంచడం: ఛాంబర్ నుంచి కొలత దాకా

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్ల నుంచి ఎమ్మెస్సీ ముగించి సర్ఫేస్ సైన్స్ ల్యాబులో చేరేవాళ్ల కోసం ఈ గైడు. పని వినడానికి చిన్నదే. ఒక లోహపు క్రిస్టల్ మీద రెండు మూడు పరమాణు పొరల మందాన ఆక్సైడ్ పెంచాలి, దాని మీద పల్లాడియమో బంగారమో కొద్దికొద్దిగా వేయాలి, అది పరుచుకుంటుందో గుట్టలు కడుతుందో చూడాలి. కోరాపుట్ జిల్లా దామన్‌జోడి రిఫైనరీలో టన్నుల లెక్కన తీసే అల్యూమినానే (అల్యూమినియం ఆక్సైడ్) ఇక్కడ అర నానోమీటరు మందాన కావాలి. చిక్కంతా ఆ మందంలోనే ఉంది.

మందపాటి ఆక్సైడ్ ముక్క విద్యుత్తును పోనివ్వదు. దాని మీద ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌కిరణాలతో బయటికి తన్నిన ఎలక్ట్రాన్ల శక్తి కొలిచే పద్ధతి) తీస్తే ఛార్జి పేరుకుని పీకులు, అంటే స్పెక్ట్రంలోని శిఖరాలు, పక్కకు జరుగుతాయి, ఎస్‌టీఎం (సన్నటి మొనకూ ఉపరితలానికీ మధ్య కరెంటుతో పరమాణు స్థాయి చిత్రం తీసే సూక్ష్మదర్శిని) అసలు నడవదు. ఫిల్మ్ నానోమీటరు లోపు ఉంటే కింది లోహం నుంచి ఎలక్ట్రాన్లు టన్నెలింగ్ ద్వారా, అంటే అడ్డుగోడ గుండా దూసుకుని, దాటిపోతాయి, రెండు పరికరాలూ పనిచేస్తాయి. అయితే ఆ దారి పైన కూర్చున్న లోహానికి కూడా తెరిచే ఉంటుంది. కాబట్టి పలుచని ఫిల్మ్ మీద చూసినది మందపాటి ఆక్సైడ్‌కి కూడా వర్తిస్తుందని ముందే అనుకోకూడదు. అంతకన్నా ముఖ్యం, ‘లోహం ఇలా పెరిగింది’ అని రాసే చాలా ఫలితాల్లో నిజానికి కనబడేది ఫిల్మ్‌లోని లోపాల పటం. అందుకే ఈ గైడులో సగానికి పైగా లోహం వేయకముందు చేసే పనే.

ఏ ఫిల్మ్ ఎంచుకోవాలి

మొదటిసారి చేసేవాళ్లకు నికెల్-అల్యూమినియం మిశ్రమ క్రిస్టల్, (110) ముఖం (ఈ అంకెలు క్రిస్టల్‌ని ఏ తలం వెంట కోశారో చెప్తాయి), దాని మీద అల్యూమినా. ఇంతకంటే మంచి మొదలు లేదు. ఈ ఫిల్మ్ తనంతట తానే అర నానోమీటరు దగ్గర ఆగిపోతుంది. ఆక్సిజన్ కొంచెం ఎక్కువైనా మందం మారదు, ఆక్సిజన్ పోయడం తప్ప ఆవిరి చేయాల్సిన వస్తువు ఏదీ లేదు. దీనికి ఒక్క లోటు: మందం మీ చేతిలో ఉండదు.

మందం మార్చి చూడాలంటే వెండి (001) మీద మెగ్నీషియం ఆక్సైడ్. వెండి జాలక కొలత (పరమాణువుల అమరిక ఎంత దూరానికోసారి తిరిగి వస్తుందో) 4.09 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఆక్సైడ్‌ది 4.21; పది ఆంగ్‌స్ట్రామ్‌లు ఒక నానోమీటరు. తేడా మూడు శాతం, ఫిల్మ్ చక్కగా కూర్చుంటుంది. మాలిబ్డినం (001) మీద తేడా ఐదున్నర శాతం ప్రాంతం, పైగా ఆక్సైడే సాగాల్సి వస్తుంది, డిస్‌లొకేషన్లు (పరమాణు వరస తప్పిన చోట్లు) ఎక్కువ. కానీ మాలిబ్డినం వేడికి తట్టుకుంటుంది. వెండి 1235 కెల్విన్ దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే ఆవిరవడం మొదలుపెడుతుంది. ఫిల్మ్‌ని గట్టిగా ఎనీల్ చేయాల్సిన (వేడిలో ఉంచి అమరిక సరిచేయాల్సిన) పనైతే మాలిబ్డినం వైపు వెళ్లండి.

ఛాంబర్, మన సముద్రపు తేమ

పనంతా గాలి తోడేసిన ఛాంబర్లోనే. బేస్ ప్రెషర్ (ఏ గ్యాసూ వదలనప్పుడు పంపులు దించిన పీడనం) 2×10⁻¹⁰ మిల్లీబార్‌కి తేకుండా పని మొదలుపెట్టొద్దు. లెక్క ఇది: 10⁻⁶ టార్ (ఇదీ పీడనపు కొలతే) దగ్గర ఒక సెకను గడిస్తే ఉపరితలానికి తగిలే గ్యాస్ మోతాదు ఒక లాంగ్మ్యూర్. తాకిన ప్రతి అణువూ అంటుకుంటే ఇంచుమించు ఒక పొర కప్పడానికి అది చాలు. 2×10⁻¹⁰ మిల్లీబార్ అంటే 1.5×10⁻¹⁰ టార్. అక్కడ ఒక లాంగ్మ్యూర్‌కి రెండు గంటలకు కొంచెం తక్కువ పడుతుంది. ఫిల్మ్ పరీక్ష, లోహం వేయడం, కొలత, అన్నీ ఆ వ్యవధిలో ముగియాలి.

గంజాం తీరంలో ఛాంబర్ తెరిస్తే లోపలికి మొదట వెళ్లేది నీరు. గోడలకు అంటిన నీటి పొరను పంపు ఒక్కటే తీయలేదు, బేక్ చేయాల్సిందే, అంటే పంపు నడుస్తుండగా ఛాంబర్ మొత్తాన్ని వేడిలో ఉంచాలి: 130 నుంచి 150 డిగ్రీల సెల్సియస్, 36 నుంచి 48 గంటలు. జూన్ నుంచి అక్టోబర్ దాకా 48కే కట్టుబడండి. వెంట్ చేసేటప్పుడు (తెరవడానికి ఛాంబర్ నింపేటప్పుడు) గదిగాలి వదలకండి. ద్రవ నైట్రోజన్ మరిగి వచ్చే పొడి గ్యాస్‌తో నింపండి, ఫ్లాంజ్ (ఛాంబర్ భాగాలు బిగించే అంచు) తెరిచినంతసేపూ ఆ గ్యాస్ సన్నగా బయటికి వస్తూనే ఉండాలి. రాగి గాస్కెట్లు (ఆ అంచుల మధ్య పెట్టే వలయాలు) సిలికా జెల్ పెట్టిన డెసికేటర్లో దాచి, ప్రతిసారీ కొత్తది వాడండి. బేక్ చేసేటప్పుడు వ్యూపోర్టు (లోపలికి చూసే కిటికీ) గాజు దగ్గర, ఫీడ్‌త్రూ (లోపలికి వైర్లు వెళ్లే చోటు) సిరామిక్ దగ్గర అల్యూమినియం ఫాయిల్ రెండు చుట్లు ఎక్కువ చుట్టాలి. ఒకవైపు వేడి, మరోవైపు చల్లదనం ఉంటే చిట్లేవి అవే.

బేక్ అయ్యాక ఆర్‌జీఏ (మిగిలిన గ్యాసులను అణువుల ద్రవ్యరాశి బట్టి చూపే పరికరం) చూడండి. ద్రవ్యరాశి 2 (హైడ్రోజన్) పెద్దగా, 28 దాని తర్వాత, 18 (నీరు) చిన్నగా ఉంటే బాగున్నట్టు. 18 ఇంకా పైనే ఉంటే బేక్ చాలలేదు. 28తో పాటు 14, 32, 40 కూడా లేస్తే అది గాలి, అంటే లీకు. 28 పక్కన 12 ఉండి 32, 40 లేకపోతే కార్బన్ మోనాక్సైడ్. ఫిలమెంట్లు, పీడనం కొలిచే గేజి సరిగా డీగ్యాస్ కాలేదన్నమాట, అంటే వాటిలో దాగిన గ్యాస్ ఇంకా పోలేదు.

వేసవి సాయంత్రాల గాలివానల్లో, తుఫాను రోజుల్లో కరెంటు తరచూ పోతుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. టర్బో పంపుకీ (వేగంగా తిరిగే రెక్కలతో గ్యాస్ తోడేది), అయాన్ పంపుకీ (గ్యాస్‌ని అయాన్లుగా చేసి తనలోనే పట్టేసేది) యూపీఎస్ తప్పనిసరి. టర్బో వేగం పడిపోయినప్పుడు బ్యాకింగ్ వైపు (టర్బో వెనక ఉన్న రోటరీ పంపు వైపు) వాల్వు తనంతట మూసుకునేలా ఇంటర్‌లాక్ లేకపోతే రోటరీ పంపు నూనె వెనక్కి వస్తుంది. తర్వాత వారం రోజుల బేక్ కూడా ఆ హైడ్రోకార్బన్లను పూర్తిగా తీయదు. తుఫాను హెచ్చరిక వస్తే గేటు వాల్వు మూసి, మెయిన్ ఛాంబర్‌ను అయాన్ పంపు మీద వదిలి, మిగతావి ఆపేయడం మేలు. ఆర్గాన్, ఆక్సిజన్ సిలిండర్లు భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో రోడ్డు మీద రావాలి కాబట్టి సెప్టెంబర్‌లోనే ఒకటి అదనంగా పెట్టుకోండి. రెండూ 99.999 శాతం శుద్ధి ఉండాలి. సిలిండర్ మార్చిన ప్రతిసారీ గ్యాస్ లైనును బేక్ చేసి, మూడు నాలుగు సార్లు నింపి ఖాళీ చేయండి. ఇక్కడి తేమలో ఈ లైను నీళ్లే ఆక్సిజన్‌తో పాటు ఫిల్మ్ మీదికి వస్తాయి.

అల్యూమినా ఫిల్మ్ పెంచడం

క్రిస్టల్‌ని ఆర్గాన్ అయాన్లతో స్పట్టర్ చేయండి, అంటే అయాన్లతో కొట్టి పైపొర చెక్కండి: 1 కిలోవోల్టు, గది ఉష్ణోగ్రత, 20 నుంచి 30 నిమిషాలు. తర్వాత 1200 కెల్విన్ దగ్గర కొన్ని నిమిషాలు ఎనీల్. స్పట్టరింగ్ ఉపరితలంలో రెండు లోహాల పాళ్లను మారుస్తుంది, ఎనీలింగ్ వాటిని తిరిగి సరిచేస్తుంది. కాబట్టి ఎనీల్ మీద కక్కుర్తి వద్దు. కొత్త క్రిస్టల్‌కి ఈ వరస చాలాసార్లు తిప్పాలి. ఓజే స్పెక్ట్రంలో (ఉపరితలం మీది మూలకాలను ఎలక్ట్రాన్ల శక్తి బట్టి గుర్తించేది) 272 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర కార్బన్, 152 దగ్గర సల్ఫర్, 510 ప్రాంతంలో ఆక్సిజన్ మూడూ నాయిస్‌లో కలిసిపోయేదాకా, ఎల్‌ఈఈడీలో (తక్కువ శక్తి ఎలక్ట్రాన్లతో ఉపరితల అమరికను చుక్కలుగా చూపేది) దీర్ఘచతురస్రపు (1×1) చుక్కలు, అంటే బోడి క్రిస్టల్ సొంత అమరిక చుక్కలు, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద పదునుగా కనబడేదాకా ఆపొద్దు. కార్బన్ మిగిలితే ఆక్సిడేషన్ సమయంలో అది ఉన్నచోట ఫిల్మ్ మూసుకోదు.

థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగల జంట) ఎక్కడ ఉందో ఒకసారి గమనించండి. శాంపిల్ ప్లేటుకి వెల్డ్ చేసిన థర్మోకపుల్ క్రిస్టల్ కంటే పదుల డిగ్రీలు తప్పు చూపగలదు. క్రిస్టల్ అంచుకే స్పాట్‌వెల్డ్ చేసిన కె-టైపు జంట ఉంటే కింద రాసిన అంకెల్ని నమ్మి వాడొచ్చు. లేకపోతే అవి ఇంచుమించు అంకెలే.

ఇప్పుడు క్రిస్టల్‌ని 550 కెల్విన్ దగ్గర నిలబెట్టి 5×10⁻⁶ మిల్లీబార్ ఆక్సిజన్ పది నిమిషాలు వదలండి. మిల్లీబార్‌ను 0.75తో గుణిస్తే టార్, 600 సెకన్లకు మొత్తం 2250 లాంగ్మ్యూర్లు. ఆక్సిజన్ వదిలే ముందు అయాన్ పంపు వాల్వు మూసి టర్బో మీద పెట్టండి. ఆర్‌జీఏ ఫిలమెంట్ ఆపండి. గేజి ఫిలమెంట్ టంగ్‌స్టన్ అయితే కాలిపోతుంది, పూత పూసిన ఇరిడియం ఉంటే నిశ్చింత. పది నిమిషాలయ్యాక ఆక్సిజన్ ఆపి, పీడనం పడిపోయాక 1100 నుంచి 1150 కెల్విన్ దగ్గర ఐదు నిమిషాలు ఎనీల్ చేయండి.

ఆక్సిడేషన్ అయ్యేసరికి పొరకు క్రమం ఉండదు, ఎనీల్‌లోనే అది క్రిస్టల్ అవుతుంది. 1000 కెల్విన్ దగ్గరే ఆపేస్తే ఎల్‌ఈఈడీ చుక్కలు మసకగా, సాగినట్టు ఉంటాయి. 1200 దాటి ఎక్కువసేపు ఉంచితే ఫిల్మ్‌లో కన్నాలు పడతాయి. ఆక్సిడేషన్, ఎనీల్ రెండింటినీ మరోసారి తిప్పితే మొదటిసారి మిగిలిన కన్నాలు మూసుకుంటాయి. ఇది దాటవేయకూడని మెట్టు.

వచ్చిన ఫిల్మ్ యూనిట్ సెల్ (మళ్లీ మళ్లీ వచ్చే అమరికలో ఒక గడి) పెద్దది: 10.6 × 17.9 ఆంగ్‌స్ట్రామ్‌లు, మధ్య కోణం 88.7 డిగ్రీలు. అది కింది లోహపు వరసకు 24 డిగ్రీలు అటొకసారి ఇటొకసారి తిరిగి కూర్చుంటుంది, కాబట్టి ఎల్‌ఈఈడీలో రెండు డొమైన్ల (ఒక్కో వైపు తిరిగిన ప్రాంతాల) చుక్కలు కలిసి చిక్కుగా కనిపిస్తాయి. భయపడాల్సింది లేదు, ఆ చిక్కే సరైన గుర్తు. ఒక్క డొమైనే గట్టిగా కనబడితే క్రిస్టల్ కోత ఒకవైపు వాలిందేమో చూసుకోండి. ఒకే డొమైన్ లోపల కూడా యాంటీఫేజ్ సరిహద్దు గీతలు (ఒకే దిశలోని అమరిక కొంచెం పక్కకు జరిగి కలిసే చోట్లు) ఉంటాయి, పక్కపక్క గీతల మధ్య దూరం చాలాచోట్ల 10 నానోమీటర్లకు అటూ ఇటూ. ఎంత జాగ్రత్తగా చేసినా ఈ గీతలు పోవు, ఫిల్మ్‌కీ కింది లోహానికీ మధ్య ఒత్తిడి తీరే దారి అదే. లోహం వేసేటప్పుడు ఇవే మీ పటం.

మెగ్నీషియం ఆక్సైడ్ అయితే

వెండిని 0.5 నుంచి 1 కిలోవోల్టుతో స్పట్టర్ చేసి 700 కెల్విన్ ప్రాంతంలో ఎనీల్ చేయండి. ఆ తర్వాత వెండిని 500 నుంచి 600 కెల్విన్ మధ్య పెట్టి, 1×10⁻⁶ మిల్లీబార్ ఆక్సిజన్‌లో మెగ్నీషియం ఆవిరి వేయండి, నిమిషానికి ఒక పొర చొప్పున. ఒక పొర మందం 2.1 ఆంగ్‌స్ట్రామ్‌లు, చదరపు సెంటీమీటరుకు 1.13×10¹⁵ మెగ్నీషియం పరమాణువులు.

మెగ్నీషియం 600 కెల్విన్ దాటగానే జోరుగా ఆవిరవుతుంది. పది డిగ్రీల తేడాకే రేటు బాగా మారిపోతుంది. సెల్ (మెగ్నీషియం పాత్రను వేడిచేసే పొయ్యి) ఉష్ణోగ్రతను చేత్తో కాకుండా కంట్రోలర్‌తో పట్టండి. సెల్‌ని వేడెక్కించి రేటు స్థిరపడ్డాక ఆక్సిజన్ వదిలి, ఆ తర్వాతే షట్టర్ తీయండి. ఆక్సిజన్ ముందు వదిలితే క్రూసిబుల్‌లోని (ఆ పాత్రలోని) మెగ్నీషియం పైముఖం ఆక్సైడై పొర కడుతుంది, రేటు రోజురోజుకీ పడిపోతుంది. ఆక్సిజన్ చాలకపోతే ఇంకో ఇబ్బంది, లోహపు మెగ్నీషియం వెండిలోకి దిగి మిశ్రమం అవుతుంది. సెల్‌కి సొంతంగా పంపు, వాల్వు ఉన్న చిన్న గది ఉంటే మంచిది, లేదంటే ఛాంబర్ గోడలకు అంటిన మెగ్నీషియం ప్రతి బేక్‌లోనూ ఆర్‌జీఏలో 24 దగ్గర మళ్లీ మళ్లీ లేస్తుంది.

ఖాళీ ఫిల్మ్‌ని పరీక్షించడం

మూడు పరీక్షలు, లోహం వేయకముందే. మొదటిది ఎల్‌ఈఈడీ. రెండోది ఎక్స్‌పీఎస్: అల్యూమినా ఫిల్మ్ మీద అల్యూమినియం 2పీ పీకు (2పీ కక్ష్య నుంచి వచ్చే ఎలక్ట్రాన్లది) రెండుగా చీలి, లోహానిది 72 పైన, ఆక్సైడ్‌ది 74–75 ఎలక్ట్రాన్‌వోల్టుల ప్రాంతంలో కనిపిస్తుంది. ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్ సగటు స్వేచ్ఛా పథం (శక్తి పోగొట్టుకోకుండా వెళ్లే సగటు దూరం) 2.2 నానోమీటర్లు అనుకుంటే, అర నానోమీటరు ఫిల్మ్ నేరు దిశలో లోహపు సిగ్నల్‌ని 0.80కి తగ్గించాలి. 0.90 దగ్గరే ఆగితే ఫిల్మ్ సగమే కప్పిందని అర్థం.

మూడోదే అసలు పరీక్ష, కన్నాలు పట్టించేది. శాంపిల్‌ని 100 కెల్విన్‌కి చల్లార్చి కార్బన్ మోనాక్సైడ్ వదిలి, నెమ్మదిగా వేడిచేస్తూ ఆర్‌జీఏలో 28 చూడండి. మూసుకున్న అల్యూమినా ఈ గ్యాస్‌ని ఆ ఉష్ణోగ్రతలో పట్టుకోదు. పీకు ఏదైనా వచ్చిందంటే అక్కడ బోడి లోహం ఉంది. ఎల్‌ఈఈడీ బ్రహ్మాండంగా ఉన్నా రెండు మూడు శాతం కన్నాలు ఉండొచ్చు. పల్లాడియం ఆ కన్నాల్లోకి దిగి కింది లోహంతో కలిసిపోతే, ఆ మేరకు మీ లెక్క మొత్తం తప్పు.

ఖాళీ ఫిల్మ్ స్పెక్ట్రాలన్నీ ప్రతి ప్రయోగానికీ విడిగా దాచండి. నిన్నటి ఫిల్మ్ స్పెక్ట్రాన్ని ఇవాళ్టి ఫిల్మ్‌కి ఆధారంగా వాడటం చాలా ల్యాబుల్లో ఉన్న అలవాటే, మంచిది కాదు.

ఆవిరి రేటు కట్టడం

పల్లాడియం, ఇనుము, కోబాల్ట్‌కి ఎలక్ట్రాన్ బీమ్ ఇవాపొరేటర్లో కడ్డీ. బంగారం, వెండికి క్రూసిబుల్. రేటు కొలవడానికి క్వార్ట్జ్ క్రిస్టల్ మైక్రోబ్యాలెన్స్, అంటే మీద బరువు పడితే కంపనాల సంఖ్య తగ్గే క్వార్ట్జ్ ముక్క. 6 మెగాహెర్ట్జ్ క్వార్ట్జ్‌కి చదరపు సెంటీమీటరుకు 12.3 నానోగ్రాములు పడితే ఒక హెర్ట్జ్ తగ్గుతుంది. ఒక ఆంగ్‌స్ట్రామ్ పల్లాడియం 120 నానోగ్రాములు, అంటే 9.8 హెర్ట్జ్. బంగారమైతే 193 నానోగ్రాములు, 15.7 హెర్ట్జ్. క్వార్ట్జ్ తల చుట్టూ నీళ్లు తిరుగుతుండాలి, ఆ నీళ్ల ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి. మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లు నేరుగా పెడితే ఆవిరి లేకుండానే హెర్ట్జ్‌లు జరుగుతాయి. చిల్లర్ వాడండి, షట్టర్ మూసి పది నిమిషాలు డ్రిఫ్ట్ చూసి దాన్ని తీసేయండి. క్వార్ట్జ్, శాంపిల్ ఒకే చోట లేకపోతే ఆ రెండింటి మీద పడే మోతాదుల నిష్పత్తి కూడా కట్టాలి.

రేటు తక్కువ పెట్టండి, నిమిషానికి 0.2 ఆంగ్‌స్ట్రామ్ ప్రాంతం. ‘ఒక పొర’ అని రాసేటప్పుడు ఏ పొరో చెప్పండి. పల్లాడియం (111) పొర అంటే 2.25 ఆంగ్‌స్ట్రామ్‌లు, చదరపు సెంటీమీటరుకు 1.53×10¹⁵ పరమాణువులు. మెగ్నీషియం ఆక్సైడ్ పొర లెక్కలో అది 1.13×10¹⁵. ఇద్దరు వేర్వేరు పొరలు మనసులో పెట్టుకుని మాట్లాడుకుంటే 35 శాతం తేడా వస్తుంది. ఆంగ్‌స్ట్రామ్‌లలోనో పరమాణువుల సంఖ్యలోనో రాస్తే గొడవే ఉండదు.

ఎలక్ట్రాన్ బీమ్ ఇవాపొరేటర్‌తో చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. కడ్డీ 800 నుంచి 1000 వోల్టుల ధన విభవంలో ఉంటుంది. దాని దగ్గర ఏర్పడిన లోహ అయాన్లు భూమికి కలిపిన శాంపిల్ వైపు అదే శక్తితో దూసుకొచ్చి ఫిల్మ్‌లో గుంటలు పెడతాయి. ప్రతి గుంటా ఒక కొత్త బీజస్థానం, అంటే లోహపు గుట్ట (ద్వీపం) మొదలయ్యే చోటు. అప్పుడు ద్వీపాల సంఖ్య ఎక్కువగా వస్తుంది, ఫిల్మే అలాంటిదని మీరు అనుకుంటారు. విరుగుడు సులభం, లోహం వేసినంతసేపూ శాంపిల్‌కి కూడా కడ్డీకి ఇచ్చిన వోల్టేజినే ఇవ్వండి, అయాన్లు వెనక్కి తిరుగుతాయి. కానీ అంతకు ముందు థర్మోకపుల్ రీడర్, హీటర్ సప్లై కనెక్షన్లు తీసేయాలి, లేకపోతే అవి కాలిపోతాయి. శాంపిల్ కనెక్టర్‌ని చేత్తో ముట్టుకోకుండా కవర్ వేయండి. వెయ్యి వోల్టులు ప్రాణం తీయగలవు.

లోహం ఎందుకు గుట్టలు కడుతుంది

చేమాకు మీద నీటిబొట్టు పరుచుకోనట్టే, చాలా లోహాలు ఆక్సైడ్ మీద పరుచుకోవు. లోహపు ఉపరితల శక్తి, మధ్య ముఖపు (లోహం, ఆక్సైడ్ కలిసే తలపు) శక్తి రెండూ కలిపి ఆక్సైడ్ ఉపరితల శక్తి కంటే తక్కువైతేనే లోహం పొరగా పరుచుకుంటుంది. మెగ్నీషియం ఆక్సైడ్ (001)ది చదరపు మీటరుకు 1.1 జూళ్ల ప్రాంతం. బంగారానిది 1.5, పల్లాడియానిది 2.0. మరోలా చెప్తే, బంగారం పరుచుకోవాలంటే అతుకుబలం (లోహాన్ని ఆక్సైడ్ నుంచి విడదీయడానికి చదరపు మీటరుకు పట్టే శక్తి) 3 జూళ్లు దాటాలి, ఆక్సైడ్ మీద అంత రాదు. కాబట్టి త్రిమితీయ ద్వీపాలే మామూలు. ఆక్సిజన్ అంటే ప్రాణమిచ్చే టైటానియం, క్రోమియం లాంటివి మధ్య ముఖంలో ఆక్సిజన్‌తో బంధం కట్టి బాగా పరుచుకుంటాయి, అయితే అక్కడ కొంత భాగం లోహంగా మిగలదు.

ఇది సమతౌల్యపు లెక్క. చల్లటి శాంపిల్ మీద పరమాణువులకు కదిలే శక్తి ఉండదు, ద్వీపం చిన్నదిగా, చదునుగా కనిపిస్తుంది. 90 కెల్విన్ దగ్గర చదునుగా ఉందని ‘పరుచుకుంది’ అని రాయకూడదు. గది ఉష్ణోగ్రతకి తెచ్చి మళ్లీ చూడండి.

మెగ్నీషియం ఆక్సైడ్ మీద బంగారం మాత్రం ఒక వింత చేస్తుంది. ఈ ఫిల్మ్ వెండి పని ప్రమేయాన్ని (లోహం నుంచి ఎలక్ట్రాన్ తీయడానికి పట్టే శక్తిని) ఒక ఎలక్ట్రాన్‌వోల్టుకు పైగా తగ్గిస్తుంది, బంగారానికి ఎలక్ట్రాన్ అనురాగం (ఎలక్ట్రాన్‌ని లాక్కునే గుణం) 2.31 ఎలక్ట్రాన్‌వోల్టులు, గట్టిదే. మూడు పొరల ఫిల్మ్ గుండా వెండి నుంచి ఎలక్ట్రాన్ పైకి వచ్చి బంగారం రుణావేశం తెచ్చుకుంటుంది. కింది ఆక్సైడ్ అయాన్లు కొంచెం జరిగి దానికి సర్దుకుంటాయి. అప్పుడు బంగారం చదునుగా, ఒకే పొర ద్వీపాలుగా పరుచుకుంటుంది. ఎనిమిది పొరల ఫిల్మ్ మీద అదే బంగారం మళ్లీ గుట్టలు కడుతుంది. 2007లో ఎస్‌టీఎంతో దీన్ని చూపించారు. పల్లాడియానికి ఈ ఎలక్ట్రాన్ ఆకలి లేదు. మీ దగ్గర ఈ తేడా రాకపోతే బంగారాన్ని అనుమానించకండి, ‘మూడు పొరలు’ నిజంగా మూడేనా, లేక రెండు నుంచి ఐదు దాకా కలగలిసి ఉన్నాయా అని ఎస్‌టీఎంలో చూడండి. అది తేలేదాకా ముందుకు పోవద్దు.

బీజాలు, ఉష్ణోగ్రత

లోపాలు లేని ఉపరితలం మీద రెండు పరమాణువులు కలిస్తేనే బీజం. అక్కడ ద్వీపాల సాంద్రత, రేటును చలనంతో (పరమాణువులు ఉపరితలం మీద తిరిగే వేగంతో) భాగించిన దాని ఘనమూలంతో పాటు పెరుగుతుంది. అంటే రేటు ఎనిమిది రెట్లు పెంచితే ద్వీపాలు రెట్టింపు, ఉష్ణోగ్రత పెంచితే తగ్గుతాయి. లోపాల మీద పుడితే అలా ఉండదు. ఉష్ణోగ్రత మారినా, రేటు మారినా సాంద్రత ఒకేచోట నిలిచిపోతుంది, ఎందుకంటే అది లోపాల సంఖ్య. మెగ్నీషియం ఆక్సైడ్ మీద పల్లాడియానికి 200 నుంచి 600 కెల్విన్ దాకా ఇలాంటి సమతలం (సాంద్రత మారకుండా నిలిచిన భాగం) కనిపించింది, చదరపు సెంటీమీటరుకు 3×10¹² ప్రాంతంలో. కాబట్టి ఒకే ఉష్ణోగ్రతలో కొలిచి ఊరుకోకండి. కనీసం మూడు ఉష్ణోగ్రతల్లో, రెండు రేట్లలో సాంద్రత చూస్తేనే లోపాలా, చలనమా, ఏది నడిపిస్తోందో తేలుతుంది.

అల్యూమినా ఫిల్మ్ మీద 300 కెల్విన్ దగ్గర పల్లాడియం, రోడియం, కోబాల్ట్ ఎక్కువగా సరిహద్దు గీతల వెంటే కూర్చుంటాయి. 90 కెల్విన్ దగ్గర రోడియం గీత దాకా నడవలేదు, మధ్యలోని చుక్క లోపాల దగ్గరే ఆగుతుంది, సాంద్రత 10¹³ దాకా పెరుగుతుంది. పల్లాడియానికి 300 కెల్విన్ దగ్గర సాంద్రత 10¹² ప్రాంతం. ఒక ఆంగ్‌స్ట్రామ్ పల్లాడియం, అంటే 6.8×10¹⁴ పరమాణువులు వేస్తే ద్వీపానికి సగటున 680. అర్ధగోళం అనుకుంటే అడ్డుకొలత 3.4 నానోమీటర్లు. ఎస్‌టీఎంలో 5 కనిపిస్తే అది మొన వెడల్పు కూడా కలిసిన కొలత. ఎత్తును నమ్మండి, వెడల్పుని కాదు.

ఫిల్మ్ మీద హైడ్రాక్సిల్ గుంపులు (నీటి నుంచి వచ్చే ఓహెచ్ జంటలు) ఉంటే లోహం వాటికి కూడా పట్టుకుంటుంది, ద్వీపాలు చిన్నవై సంఖ్య పెరుగుతుంది. ఆర్‌జీఏలో 18 ఎందుకు అంతగా చూడమన్నామో ఇక్కడ తెలుస్తుంది. వానాకాలంలో చేసిన ఫిల్మ్, జనవరిలో చేసిన ఫిల్మ్ వేర్వేరు సాంద్రతలు ఇస్తుంటే మొదటి అనుమానితుడు గ్యాస్ లైనులోని నీరే.

మిగిలిన ఆక్సిజన్ సంగతి కూడా అంతే ముఖ్యం, ముఖ్యంగా ఇనుముకి. నిమిషానికి 0.2 ఆంగ్‌స్ట్రామ్ రేటులో సెకనుకు చదరపు సెంటీమీటరు మీద 2.8×10¹² ఇనుము పరమాణువులు పడతాయి. 10⁻⁹ మిల్లీబార్ ఆక్సిజన్ మిగిలి ఉంటే అదే సెకనులో 5.4×10¹¹ ఆక్సిజన్ పరమాణువులు తగులుతాయి, ఐదు ఇనుములకు ఒక ఆక్సిజన్. ‘ఇనుము ఫిల్మ్‌తో చర్య జరిపింది’ అని రాసే ముందు ఈ లెక్క వేయండి. 10⁻¹⁰కి దిగితే అది రెండు శాతం.

ఎలా పెరిగిందో చదవడం

ఎక్స్‌పీఎస్‌తో పెరుగుదల తీరు చెప్పాలంటే లోహం పెంచుతూ ఫిల్మ్ సిగ్నల్ తగ్గడం గీయాలి. ఒక్క బిందువుతో చెప్పడం వ్యర్థం. పల్లాడియంలో స్వేచ్ఛా పథం 1.7 నానోమీటర్లు అనుకోండి. ఒక పొర సమంగా పరుచుకుంటే ఫిల్మ్ సిగ్నల్ 0.88కి దిగుతుంది. అదే లోహం ఐదు పొరల ఎత్తు గుట్టలుగా ఐదో వంతు స్థలమే కప్పితే 0.90. ఈ రెండు శాతం తేడా మీ కొలత తప్పులో మునిగిపోతుంది. ఐదు పొరలంత వేస్తే సమంగా పరుచుకున్నప్పుడు 0.52, గుట్టలు ఐదో వంతు స్థలంలోనే ఎత్తుకు పెరిగితే 0.81. ఇప్పుడు తేడా కళ్లకు కడుతుంది. తక్కువ లోహంతోనే తేల్చుకోవాలంటే శాంపిల్‌ని 70 డిగ్రీలు వాల్చి కొలవండి: ఒక పొరకే 0.68, 0.83గా విడిపోతాయి. వాల్చినప్పుడు గుట్ట పక్క గుట్టను కమ్ముతుంది కాబట్టి రెండో అంకె కొంచెం కిందికి వస్తుంది.

చిన్న ద్వీపాల పీకులు మామూలు లోహపు స్థానం కంటే అర ఎలక్ట్రాన్‌వోల్టు పైన కనిపించడం మామూలే. ఎలక్ట్రాన్ పోయాక మిగిలిన ఖాళీని చిన్న ద్వీపం సరిగా కప్పలేకపోవడం దీనికి ముఖ్య కారణం, ఆక్సిడేషన్ కాదు. లోహం పెరిగేకొద్దీ పీకు పెద్ద లోహపు స్థానానికి జరుగుతూ వస్తే అది పరిమాణ ప్రభావం. కదలకుండా పక్కన విడిగా రెండో పీకు నిలబడితేనే ఆక్సైడ్ గురించి మాట్లాడండి.

ఎస్‌టీఎంలో కరెంటు 0.1 నానోఆంపియర్ ప్రాంతానికి తగ్గించండి, లేకపోతే మొన ద్వీపాలను తోసుకుపోతుంది. స్కాన్ దిశలో గీతల్లా చెదిరిన ద్వీపాలు కనిపిస్తే ఇదే కారణం. వోల్టేజి తక్కువైతే ఫిల్మ్ గుండా కింది లోహం కనిపిస్తుంది, ఎక్కువైతే ఫిల్మ్. కాబట్టి ద్వీపం ఎత్తు చెప్పేటప్పుడు వోల్టేజి కూడా రాయాలి.

వేడి చేస్తే

ద్వీపాలు పెద్దవవుతాయని ఎదురుచూస్తూ వేడిచేస్తారు. అల్యూమినా ఫిల్మ్ మీద పల్లాడియం, రోడియం 600 కెల్విన్ దాటాక ఫిల్మ్ గుండా కింది క్రిస్టల్‌లోకి దిగడం మొదలవుతుంది. ఎక్స్‌పీఎస్‌లో లోహపు సిగ్నల్ తగ్గితే గుట్టలు ఎత్తైనా తగ్గుతుంది, లోపలికి దిగినా తగ్గుతుంది. ఫిల్మ్ సిగ్నల్‌ని పక్కన పెట్టుకుంటే రెండూ విడిపోతాయా అంటే విడిపోవు, రెండింటిలోనూ అది పెరుగుతుంది. విడదీసేది మళ్లీ కార్బన్ మోనాక్సైడే. గుట్టలైతే అంటుకునే గ్యాస్ తగ్గుతుంది గానీ మిగులుతుంది, లోపలికి పూర్తిగా దిగితే ఏమీ అంటుకోదు. కొంత దిగి కొంత మిగిలితే ఎస్‌టీఎంలో ద్వీపాల ఘనపరిమాణం కూడి, వేసిన మొత్తంతో సరిచూడాలి.

ఇలా లోహం దిగిన క్రిస్టల్‌ని తర్వాతి ప్రయోగానికి వాడాలంటే మామూలు శుభ్రత చాలదు. స్పట్టర్ చేసి ఎనీల్ చేసిన ప్రతిసారీ లోపలి పల్లాడియం మళ్లీ పైకి వస్తుంది. ఎనీల్ అయ్యాక కూడా ఎక్స్‌పీఎస్‌లో పల్లాడియం 3డీ పీకు, 335 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర, కనబడకుండా పోయేదాకా ఆ వరస తిప్పాలి. ఎనీల్‌కి ముందు తీసిన స్పెక్ట్రం శుభ్రంగా ఉందని ఆపితే, కొత్త ఫిల్మ్ కింద పాత పల్లాడియం ఉండిపోతుంది.